ప్లేటు మెరవక్కర్లేదు, చదవడానికి వస్తే చాలు

సంపాదకులకు నమస్కారం.

పాత బళ్ల మీద మీరు ఆదివారం అనుబంధంలో వేసిన వ్యాసం చదివాను. బాగుంది. ఎప్పటెప్పటి కార్లనో, మోటార్ సైకిళ్లనో ఇంట్లో మనిషిలా చూసుకునేవాళ్ల గురించి అంత చోటు ఇచ్చినందుకు సంతోషం. కానీ చివర్లో బాక్సు కట్టి ఒక చిట్కా వేశారు. ఇంజిన్ వెనక గోడకు ఉండే, కంపెనీ పేరు, సీరియల్ నంబరు ఉన్న ప్లేటును ఎమరీ పేపర్‌తో రుద్ది, ఇత్తడి పాలిష్ పెట్టి అద్దంలా మెరిపించుకోమని. ఆ నాలుగు లైన్లు చదివాక ఆ పూటంతా నాకు ఇంకో పని మీద మనసు పోలేదు. అందుకే ఈ ఉత్తరం. కాస్త పొడుగు అవుతుంది, ఓపిక పట్టి చదవండి.

34 ఏళ్లు నేను చేసిన పని నేమ్‌ప్లేట్ల ఎచింగ్, అంటే లోహపు రేకును ద్రావణంతో తినిపించి అక్షరాలు తేల్చడం. మోటారు గానీ పంపు గానీ కంప్రెసర్ గానీ, ఏ యంత్రం చూసినా ఒక మూల చిన్న లోహపు ముక్క బిగించి ఉంటుంది. తయారుచేసినవాళ్ల పేరు, మోడల్, సీరియల్ నంబరు దాని మీద ఉంటాయి. అవి చేసేవాళ్లం. రేకు కోయడం, ఫిల్మ్ అంటించడం, తొట్టిలో ముంచడం, రంగు నింపడం, ఓవెన్‌లో కాల్చడం, చివర్న పంచ్‌లతో నంబర్లు గుద్దడం, అన్నీ చేశాను. రిటైరయ్యాక పాత బళ్లున్నవాళ్లు ఒకరి నుంచి ఒకరు తెలుసుకుని నా దగ్గరికి వస్తున్నారు. ఇప్పటికి వందకు పైనే ప్లేట్లు చూసి ఉంటాను. అందులో సగానికి సగం వయసు మీద పడి పాడైనవి కావు, శుభ్రం చేయబోయి పాడుచేసినవి.

నేను చెప్పాలనుకుంటున్నది ఒక్కటే. ఆ ప్లేటును కాగితం మీద రాసిన దస్తావేజును చూసినట్టు చూడాలి. అక్షరాలు, అంకెలు స్పష్టంగా చదవడానికి వచ్చేంతవరకు శుభ్రం చేయాలి, అక్కడ ఆగిపోవాలి. మెరుపు కోసం ఇంకొక్క రుద్దు కూడా రుద్దకూడదు.

ఇది నాకు పుట్టుకతో తెలిసిన సంగతి కాదు. పనిలో చేరిన కొత్తలో మా నాన్న మోటార్ సైకిల్ ప్లేటును నేనే నాశనం చేశాను. నల్లటి నేల మీద వెండి రంగు అక్షరాలున్న అల్యూమినియం ప్లేటు. ఎండకు వాడి బూడిద రంగుకు తిరిగింది. నాన్నకు కొత్తదానిలా చేసి చూపిద్దామని ఒక సాయంత్రం రివెట్లు తీసేసి షాపుకు పట్టుకెళ్లాను. బఫింగ్ చక్రానికి పేస్టు రాసి ప్లేటును ఆనించాను. నిమిషం కూడా పట్టలేదు. నలుపు మొత్తం లేచిపోయింది, దాంతోపాటు అక్షరాలూ పోయాయి. కంపెనీ పేరు, మోడల్, తయారైన ఏడాది, ఏదీ లేదు. మధ్యలో పంచ్‌తో గుద్దిన నంబరు మాత్రం పల్చగా మిగిలింది. నా చేతిలో తళతళలాడే ఒక ఖాళీ రేకు ఉంది. మా మేస్త్రీ దాన్ని తీసుకుని రెండు పక్కలా తిప్పి చూసి, తిట్టలేదు. కుర్చీ లాక్కుని కూర్చుని, అల్యూమినియం ప్లేటుకు రంగు ఎలా పడుతుందో ఆ రాత్రి నాకు మొదటినుంచీ చెప్పారు.

ఆయన చెప్పింది ఇది. అల్యూమినియం రేకును యాసిడ్‌లో ఉంచి కరెంటు పంపితే దాని మీద ఆక్సైడ్ పొర ఒకటి పెరుగుతుంది. అనోడైజింగ్ అంటారు. ఆ పొరనిండా కంటికి ఆనని సన్నటి రంధ్రాలుంటాయి. రంగు వాటిలోకి ఇంకుతుంది. తర్వాత మరిగే నీళ్లలో ఉంచితే రంధ్రాల మూతులు మూసుకుంటాయి, రంగు లోపలే ఉండిపోతుంది. అంటే ఆ నలుపు పైన పూసిన పెయింటు కాదు, పొరలో భాగం. ఆ పొర మందం చాలా ప్లేట్లకు 10 నుంచి 20 మైక్రాన్లు. మన తల వెంట్రుక సుమారు 70 మైక్రాన్లు ఉంటుంది. అందులో మూడో వంతు మందమైనా లేని పొరలో ఆ బండి వివరాలన్నీ ఉన్నాయి. పొర గట్టిదే, గోటితో గీస్తే గీత పడదు. కానీ ఎమరీ పేపర్‌లో ఉండే రాపిడి పొడి కూడా అల్యూమినియం ఆక్సైడే. గట్టిదనంలో దానికి తీసిపోదు. అలాంటిదాన్ని తీసుకుని రుద్దమని మీ బాక్సులో రాశారు.

రాపిడి ఒక్కటే కాదు, ఘాటైన సబ్బులతోనూ ఇదే ప్రమాదం. అనోడైజ్ పొర అటు యాసిడ్‌కూ ఇటు క్షారానికీ తట్టుకోదు. కాస్టిక్ సోడా ఉన్న క్లీనర్లు, జిడ్డు వదలగొట్టే ఘాటు ద్రావణాలు, నేల కడిగే యాసిడ్లు, ఏది తగిలినా పొర కరుగుతుంది. ఇంజిన్ మొత్తానికి డీగ్రీజర్ కొట్టి ప్రెషర్ వాటర్‌తో కడిగించేవాళ్లు చాలామంది. బానెట్ కింద ఒక మూల ఉన్న ప్లేటు సంగతి ఆ సమయంలో ఎవరికీ గుర్తుండదు. కడిగాక చూస్తే మరకలు పడి, రంగు పోయి ఉంటుంది.

ఇత్తడి ప్లేట్ల కథ వేరు. వీటికి అక్షరాలు నిలబెట్టి, చుట్టూ ఉన్న నేలను ఫెర్రిక్ క్లోరైడ్ అనే లోహాన్ని కరిగించే ద్రావణంతో తినిపిస్తాం. ఆ పల్లం లోతు ఒకటి రెండు వెంట్రుకల మందం ఉంటుంది. అందులో ఎనామెల్ రంగు నింపి కాలుస్తాం. పైకి లేచిన అక్షరాలు ఇత్తడి రంగులో, నేల నల్లగానో ఎర్రగానో కనిపిస్తాయి. పాలిష్ పెట్టి రుద్దినప్పుడల్లా గుడ్డకు నల్లగా అంటేది ఒట్టి మురికే అనుకుంటారు. అందులో ఇత్తడి కూడా ఉంటుంది. నెలకోసారి చొప్పున పదేళ్లు మెరిపిస్తే అక్షరాల అంచులు మొద్దుబారతాయి, తర్వాత సన్నటి గీతలు పోతాయి, చివరికి అక్షరాలు నేలతో సమానం అవుతాయి.

ఇత్తడి విషయంలో అమ్మోనియా గురించి కూడా చెప్పాలి. చాలా పాలిష్‌లలో, అద్దాలు తుడిచే ద్రావణాల్లో అది ఉంటుంది. బ్రిటిష్ సైన్యం మన దేశంలో వానాకాలంలో తూటాలను గుర్రపుశాలల్లో నిల్వ పెట్టేది. కొన్నాళ్లకు ఆ ఇత్తడి గుల్లలు వాటంతటవే చీలిపోయేవి. గుర్రాల మూత్రం నుంచి లేచే అమ్మోనియా ఆవిరి, లోహంలో నిలిచిపోయిన ఒత్తిడి, ఈ రెండూ కలిసి ఆ పని చేస్తున్నాయని 1921లో తేలింది. ప్లేటు మీద పంచ్ దెబ్బ తిన్న చోట కూడా లోహంలో అలాంటి ఒత్తిడే మిగిలి ఉంటుంది. పాలిష్ అంకెల గుంటల్లో చేరి తెల్లగా గడ్డకట్టి ఉండిపోవడం నేను చాలాసార్లు చూశాను. పుల్లటివి రాసినా మంచిది కాదు. ఇత్తడిలోని జింకు ముందు కరిగిపోయి, రాగి మిగిలి, ప్లేటు గులాబీ రంగుకు తిరుగుతుంది. ఆ రంగు మళ్లీ రాదు.

ఇప్పుడు అసలైన నంబర్ల సంగతికి వస్తాను. ప్లేటు తయారయ్యేటప్పుడు నంబరు ఉండాల్సిన చోట గడి ఖాళీగా వదిలేసేవాళ్లు. బండి లైను మీద తయారయ్యాక ఒక మనిషి పంచ్‌లు, సుత్తి పట్టుకుని ఒక్కో అంకే గుద్దేవాడు. అందుకే పాత ప్లేట్లలో అంకెలు ఒక వరసలో ఉండవు. ఒకటి కాస్త పైకి, ఇంకొకటి పక్కకు ఒరిగి ఉంటాయి. ఏడు లోతుగా దిగి, పక్కనున్న సున్నా ఒక పక్కే పడి ఉంటుంది. ఆ ఒరగడం, ఆ లోతు, పంచ్ అంచున విరిగిన చిన్న ముక్క వల్ల అంకెలో పడే లోపం, ఇవన్నీ ఆ ప్లేటు అసలుదని చెప్పే గుర్తులు. చేయి తిరిగినవాళ్లు చూసేది వాటినే. రుద్దితే ముందు పోయేవీ అవే.

పోయిన ఏడాది ఒక కుర్రాడు వాళ్ల తాతగారి కారు తాలూకు ఫోటోలు పట్టుకుని వచ్చాడు. ప్లేటు మీద బాడీ రంగు రెండు మూడు పొరలు పడి ఉంది. బండి రిజిస్ట్రేషన్ పుస్తకంలో రాసిన చాసిస్ నంబరుకూ ప్లేటు మీద కనిపిస్తున్నదానికీ ఒక అంకె తేడా వస్తోంది. పుస్తకంలో 3, ప్లేటు మీద 8 లా ఉంది. బండిని తన పేరు మీదికి మార్పించుకోవడానికి వెళితే అక్కడ ఆగిపోయిందట. ప్లేటు దొంగదేమో అని ఇంట్లో అందరికీ టెన్షన్. "అంకుల్, గరుకు కాగితంతో ఆ రంగు గీకేస్తే తెలిసిపోతుంది కదా" అన్నాడు. వద్దని చెప్పి నేనే బండి దగ్గరికి వెళ్లాను.

లైట్లు ఆర్పించి టార్చిని ప్లేటుకు దాదాపు ఆనించి, పక్కనుంచి వెలుగు పడేలా పట్టుకున్నాను. ఎదురుగా వెలుగు వేస్తే గుంటలు కనిపించవు, ఏటవాలుగా వేస్తే ప్రతి గుంటకూ నీడ పడుతుంది. కుడి పక్కనుంచి వేసినప్పుడు అది 8 లాగే ఉంది. ఎడమ పక్కకు మార్చాను. అప్పుడు అంకె ఎడమ భాగంలో గీత ఉన్నచోట నీడ సరిగ్గా పడలేదు. అది గుంట కాదు, రెండు పొరల రంగు చిట్లి ఏర్పడిన గీత. తర్వాత పల్చటి కాగితం పెట్టి మెత్తని పెన్సిల్‌తో పెన్సిల్ ప్రింట్ తీశాను. కుడి సగం పదునుగా వచ్చింది, ఎడమ సగం అలుక్కుపోయినట్టు వచ్చింది. భూతద్దం కింద వెదురు పుల్ల మొనతో ఆ ఒక్క అంకె మీది రంగును పెచ్చులు పెచ్చులుగా లేపితే, కింద చక్కటి 3. ఆ కుర్రాడు ఊపిరి పీల్చుకున్న చప్పుడు నాకు వినిపించింది. ముందు గరుకు కాగితం పడి ఉంటే రంగుతోపాటు పంచ్ అంచులు కూడా అరిగిపోయి, అది 3 అని నిరూపించడానికి ఏమీ మిగిలేది కాదు.

ఒక అంకెకు ఇంత రాద్ధాంతమా అని ఎవరైనా అనుకోవచ్చు. ఇప్పటి బళ్లకు 17 అక్షరాలు, అంకెల గుర్తింపు సంఖ్య ఉంటుంది. అమెరికాలో 1981 మోడళ్ల నుంచి అది తప్పనిసరైంది. అందులో ఐ, ఓ, క్యూ అనే ఇంగ్లిష్ అక్షరాలు వాడరు, ఒకటీ సున్నాలతో కలిసిపోతాయని. అక్కడి పద్ధతిలో తొమ్మిదో స్థానంలో ఉండేది సరిచూసే అంకె. మిగతావాటితో లెక్క కడితే అది సరిపోవాలి, ఎక్కడ తప్పు చదివినా లెక్క దాదాపుగా పట్టేస్తుంది. పాత బళ్లకు అలాంటి రక్షణ లేదు. ఒక్కో కంపెనీది ఒక్కో పద్ధతి. కొన్నిటికి నాలుగైదు అంకెలే. వాటిలో ఒకటి చెరిగిపోతే ఏ లెక్కా దాన్ని తిరిగి చెప్పలేదు. ఫోర్డ్ మోడల్ టి సంగతే చూడండి. 1908 నుంచి 1927 దాకా కోటీ యాభై లక్షలు తయారయ్యాయి. దానికి ఇంజిన్ మీద గుద్దిన నంబరే కారు నంబరు. ఇంజిన్‌కు ఎడమ పక్క, నీళ్ల గొట్టం చేరే చోటికి పైన ఉంటుంది. ఇంజిన్‌కు ఇసుక జోరుగా కొట్టించి శుభ్రం చేసే బ్లాస్టింగ్ చేయించి మందంగా రంగు కొట్టిస్తే బండి గుర్తింపు ఆ రంగు కింద సమాధి అయినట్టే.

మరి శుభ్రం ఎలా చేయాలి అంటే, నేను చేసే పద్ధతి చెబుతాను. ప్లేటును బండి మీదే ఉంచి చేస్తాను. మొదట పక్కన స్కేలు పెట్టి ఫోటోలు తీస్తాను, ఎదురు వెలుగులో ఒకటి, నాలుగు పక్కల నుంచి ఏటవాలు వెలుగులో నాలుగు. పెన్సిల్ ప్రింట్ కూడా అప్పుడే. తర్వాత అది ఏ లోహమో చూసుకుంటాను. అయస్కాంతం అంటుకుంటే ఇనుము. అల్యూమినియం అనిపిస్తే మల్టీమీటర్ రెండు మొనలూ ఒక మూల మెల్లగా ఆనిస్తాను. కరెంటు పారకపోతే అక్కడ అనోడైజ్ పొర గానీ లక్క గానీ ఇంకా ఉన్నట్టు. పారితే వట్టి లోహం బయటపడినట్టు. పోత పోసిన జింకు మిశ్రమం అయితే మరీ జాగ్రత్త, ఏ పులుపు తగిలినా నురగలు కక్కి గుంటలు పడుతుంది.

ముందు పొడి బ్రష్. మెత్తటి పెయింటింగ్ బ్రష్‌తో వదులు మట్టి మొత్తం దులిపేయాలి. ఇసుక రేణువులు ఉండగానే తడిగుడ్డ పెడితే ఆ ఇసుకే ఎమరీ అవుతుంది. తర్వాత జిడ్డు. ఇయర్ బడ్ కొసను కిరసనాయిలులో తడిపి, పిండి, ఒక మూల మీద పరీక్ష చేస్తాను. దూదిని రుద్దను, మురికి మీద దొర్లిస్తాను. ఒక దొర్లింపు, దూది చూడటం, పారేయడం, ఇంకో దూది. దూదికి గోధుమ రంగు జిడ్డు అంటినంతసేపు ఫరవాలేదు. ఎర్ర ప్లేటు నుంచి ఎరుపు, నీలం ప్లేటు నుంచి నీలం అంటితే ఆ క్షణమే ఆపేయాలి, వస్తున్నది మురికి కాదు, ప్లేటు రంగు. థిన్నర్, అసిటోన్ అసలు దగ్గరికి రానివ్వను. కొన్ని ప్లేట్ల మీద ముద్రించిన ఇంకు వాటికి ఒక్క తుడుపులో పోతుంది.

జిడ్డు వదిలాక డిస్టిల్డ్ వాటర్‌లో ఒక చుక్క ఘాటులేని సబ్బు. మామూలు కుళాయి నీళ్లు ఆరితే ఉప్పు మరకలు మిగులుతాయి. తర్వాత సబ్బు పోయేలా వట్టి డిస్టిల్డ్ వాటర్‌తో మళ్లీ దూది. అంకెల గుంటల్లో గట్టిపడ్డ మురికికి వెదురు పుల్లను పదును చేసి వాడతాను, అది లోహం కన్నా మెత్తన కాబట్టి గీత పడదు. సూది, బ్లేడు, స్క్రూ డ్రైవర్ వద్దే వద్దు. ప్లేటు మీద బాడీ రంగు పడి ఉంటే చాలా ఓపిక కావాలి. పాత రంగుల్లో సీసం ఉండే అవకాశం ఉంది, పొడిగా గీకి దుమ్ము లేపకూడదు, మాస్కు పెట్టుకుని కాస్త తడి ఉంచి చేయాలి. చిన్న ప్లేటుకైనా నాకు రెండు సాయంత్రాలు పడుతుంది. ఇత్తడి మీద పచ్చటి చిలుము పొడిగా రాలుతుంటే తీసేస్తాను, గట్టిగా ఉన్న గోధుమ రంగు పొరను ముట్టుకోను. అది ఇత్తడి తనను తాను కాపాడుకుంటున్న పొర.

ఆరాక పల్చగా మైక్రోక్రిస్టలైన్ మైనం పూస్తాను. బ్రిటిష్ మ్యూజియం ప్రయోగశాలలో 1950లలో మ్యూజియం వస్తువుల కోసం తయారుచేసిన రకం అది. కావాలంటే తర్వాత తీసేయొచ్చు. కార్లకు పూసే పాలిష్‌లలో రాపిడి పొడి ఉంటుంది, అవి వద్దు. స్ప్రే లక్క కొట్టించుకుంటారు కొందరు. నాలుగేళ్లకు అది పచ్చబడి, అంచులు లేచి, కింద తేమ చేరి ప్లేటు లోపల్లోపలే తినేస్తుంది.

చాసిస్ ఫ్రేము మీద నేరుగా గుద్దిన నంబరు విషయంలో ఇంకో మాట. తుప్పు పట్టింది కదా అని గ్రైండర్‌కు వైర్ బ్రష్ తగిలించి పెట్టేస్తారు. అక్కడ కావలసింది నూనె, మెత్తటి ఇత్తడి బ్రష్, కొన్ని రోజుల సమయం. ఫ్రేమును ఇసుక బ్లాస్టింగ్‌కు పంపుతుంటే ముందు ఆ చోటును మందపాటి రబ్బరు, రెండు మూడు వరసల టేపుతో కప్పి, కప్పినట్టు పనివాళ్లకు చెప్పి పంపాలి. అంకెలు అరిగిపోయాయని ఎవరితోనైనా వాటి మీదే మళ్లీ పంచ్ కొట్టించాలని అస్సలు అనుకోకూడదు. పంచ్ దెబ్బ పడినప్పుడు కనిపించే గుంట కన్నా లోతుగా లోహం నలుగుతుంది. పైన అంకె పూర్తిగా అరిగిపోయినా కింద నలిగిన లోహం ఉంటుంది. ఫోరెన్సిక్ ల్యాబ్‌లలో రాగి క్లోరైడ్, హైడ్రోక్లోరిక్ యాసిడ్ కలిపిన ద్రావణం పూసి చెరిగిపోయిన అంకెలను మళ్లీ కనిపించేలా చేయగలిగేది ఆ నలుగుడు వల్లే. మీద కొత్త దెబ్బ పడితే ఆ దారి కూడా మూసుకుపోతుంది. పైగా గుర్తింపు నంబరును చెరపడం, దిద్దడం చాలా దేశాల్లో నేరం. ఉద్దేశం మంచిదే అని తర్వాత చెప్పుకోవాల్సి వస్తుంది.

రివెట్లను కూడా కదిలించకూడదు. నాన్న బండి విషయంలో నేను చేసిన మొదటి తప్పు బఫింగ్ కాదు, రివెట్లు తీయడం. పాత ప్లేట్లకు చాలావాటికి సుత్తితో దిగ్గొట్టే మెలిక మేకులు వాడేవాళ్లు, కొన్నిటికి ఆ కంపెనీకే ప్రత్యేకమైన తల ఉన్న రివెట్లు. ఆ రివెట్లు, వాటి చుట్టూ పేరుకున్న రంగు చెక్కుచెదరకుండా ఉంటే ప్లేటు మొదటినుంచీ అక్కడే ఉందని అర్థం. మార్కెట్లో దొరికే పాప్ రివెట్ కొడితే అసలైన ప్లేటు కూడా అనుమానంగా కనిపిస్తుంది. అల్యూమినియం ప్లేటుకు స్టీల్ స్క్రూ బిగించినా గొడవే. తడి తగిలితే రెండు లోహాల మధ్య చిన్న బ్యాటరీలా పనిచేసి స్క్రూ చుట్టూ తెల్లటి పొడి పూస్తుంది, రంధ్రం పెద్దదవుతుంది.

గోడ రేకు కుళ్లిపోయి తప్పనిసరిగా ప్లేటు తీయాల్సి వస్తే, తీసే ముందూ తీశాకా ఫోటోలు తీయండి, పాత రివెట్లను పొట్లం కట్టి దాచండి. ప్లేటు వెనక చోటును చూడకుండా మాత్రం రంగు కొట్టించకండి. ప్లేటు బిగించాక ఆ నలుచదరపు చోటుకు ఎండ తగల్లేదు, తర్వాత కొట్టిన రంగులూ తగల్లేదు. ఫ్యాక్టరీలో వేసిన మొదటి రంగు చాలాసార్లు అక్కడ అలాగే ఉంటుంది. ఒకసారి బూడిద రంగు కారు ప్లేటు వెనక ముదురు ఆకుపచ్చ కనిపించింది. ఆ బండి యజమానురాలు దాన్ని చూసి, వాళ్ల అమ్మ ఎప్పుడూ 'పచ్చ కారు' అని ఎందుకు అనేదో ఇప్పుడు తెలిసిందని కళ్లనీళ్లు పెట్టుకున్నారు.

కొత్త ప్లేటు చేసిపెట్టమని కూడా వస్తారు. రెండో ప్రపంచ యుద్ధం నాటి విల్లీస్ జీపుల్లో డాష్‌బోర్డులో ఉండే చిన్న అర మూత మీద మూడు ప్లేట్లుంటాయి. ఒకదాని మీద సీరియల్ నంబరు, సైన్యానికి అందించిన తేదీ, మరోదాని మీద గేర్లు మార్చే పద్ధతి, ఇంకోదాని మీద ఏ గేరులో ఎంత వేగం దాటకూడదో. వీటికి నకళ్లు విరివిగా దొరుకుతాయి. గేర్ల ప్లేటు కొత్తది వేసుకుంటే తప్పేమీ లేదు. నంబరు, తేదీ ఉండే ప్లేటు అలా కాదు. అసలుది అరిగిపోయినా, వంగినా అదే ఉండాలి. పూర్తిగా పోయి ఉంటే, సంబంధిత అధికారులతో మాట్లాడాకే నకలు, అది కూడా వెనక 'నకలు' అని, చేసిన ఏడాది చెక్కి. నేను అలా చెక్కకుండా ఒక్కటీ చేయను. అలా అంటే కొందరు వెనక్కి వెళ్లిపోయారు.

పోయిన రంగును మళ్లీ నింపాలా వద్దా అన్నదాని మీద పాత బళ్లవాళ్లలోనే రెండు అభిప్రాయాలున్నాయి. ఇత్తడి ప్లేటులో పల్లం బాగా ఉండి, రంగు మొత్తం రాలిపోయి చదవడానికి రాకపోతే నింపొచ్చని నా అభిప్రాయం. ఎనామెల్ పల్లంలోకి పోసి, ఆరాక పైకి లేచిన అక్షరాల మీద రంగును చెక్కముక్కకు బిగుతుగా చుట్టిన గుడ్డతో తీసేయాలి. ఒట్టి వేలికి గుడ్డ చుట్టి తుడిస్తే పల్లంలోంచి కూడా రంగు లేచిపోతుంది. సగం రంగు మిగిలి ఉంటే మాత్రం నేను ముట్టుకోను. పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య ఫీవా 1966 నుంచి ఉంది. పాత బళ్లను ఎలా కాపాడాలో చెప్పే వాళ్ల నియమావళి టురిన్ ఛార్టర్, 1964లో కట్టడాల కోసం వచ్చిన వెనిస్ ఛార్టర్ దారిలోనే నడుస్తుంది. ఉన్నదాన్ని వీలైనంత ఉంచడం, చేసిన ప్రతి మార్పునూ రాసిపెట్టడం అందులో ముఖ్యం. నా చేతికి వచ్చిన ప్రతి ప్లేటుకూ ఒక కాగితం రాసి, ఫోటోలతో కలిపి యజమానికి ఇస్తున్నాను. దాన్ని బండి పుస్తకంతోపాటు దాచుకోమంటాను.

సంపాదకులు గారూ, మిమ్మల్ని రెండు కోరుతున్నాను. ఒకటి, ఆ చిట్కా తప్పని, ఎమరీ పేపరు, పాలిష్ ప్లేటు మీద వాడవద్దని వచ్చే ఆదివారం అదే అనుబంధంలో, అదే సైజులో వేయండి. మీ పత్రిక చూసి ఈపాటికే ఎవరైనా ఎమరీ పేపరు కొని తెచ్చుకుని ఉంటారు, సెలవు రోజు కోసం చూస్తుంటారు. రెండోది, మీరు వేసిన ఫోటోల్లో రెండిటిలో చాసిస్ నంబర్లు పూర్తిగా చదవడానికి వస్తున్నాయి. దొంగ బండికి ఇంకో బండి నంబరు తగిలించేవాళ్లకు అంతకన్నా కావలసింది లేదు. ఇక మీదట చివరి నాలుగు అంకెలు మసక చేసి వేయండి.

నాన్న మోటార్ సైకిల్ ఇప్పుడు మా తమ్ముడి దగ్గర ఉంది. ఆ ఖాళీ రేకునే మళ్లీ దాని చోట బిగించాను, మిగిలిన పల్చటి నంబరుతో. కంపెనీ పేరు మళ్లీ ఎచింగ్ చేసిపెట్టమని తమ్ముడు ఇన్నేళ్లుగా అడుగుతున్నాడు, నేను చేయలేదు. పోయిన నెల ఏటవాలు వెలుగులో దాన్ని మళ్లీ చూశాను. ఆరు అంకెలూ ఇంకా కనిపిస్తున్నాయి.

ఇట్లు,
మీ పాఠకుడు,
నేమ్‌ప్లేట్ల ఎచింగ్ పనిలో రిటైరైనవాడు